పదిహేడో మకాంలో డెల్‌మర్ విన్నది

డెల్‌మర్ హకబీ గురించి చెప్పమంటే నేను ముందు నాలుగు తిట్లు తిట్టి, ఆ తర్వాత మొదలుపెడతాను. ఆ హక్కు నాకుంది. మొహావీ ఎడారిలో పదిహేడో మకాం దగ్గర రెండు చలికాలాలు ఒకే ట్రక్కులో కూర్చుని, ఒకే ఫ్లాస్కులో కాఫీ తాగాం. అంతకాలం పక్కన కూర్చున్న మనిషి గురించి నాకు తెలియనిది ఏముంటుందిలే అనుకున్నాను. నా తెలివి అలా తెల్లారింది.

మా పని చెప్పడానికి తేలిక. పైన కొత్త విమానం పోతుంది, కింద మేం వినాలి. ధ్వని వేగాన్ని దాటి పోయే విమానం ఏదైనా నేల మీద పిడుగు పడ్డట్టు ఒక దెబ్బ కొట్టి పోతుంది. ఈ ఎడారి ఊళ్ళలోనే, రోజమండ్‌లో పుట్టిన నాకు, బోరాన్‌లో పుట్టిన డెల్‌మర్‌కు అది కొత్త కాదు. మా అమ్మ అలమారలో పళ్ళేలు చిట్లిపోకుండా మధ్యలో గుడ్డపేలికలు పెట్టేది. ఇప్పుడు ఆ దెబ్బను మెత్తబరచడానికే ఒక విమానం కట్టారు. సన్నగా, పొడుగ్గా ఉంటుంది, చూస్తే సగం ఒళ్ళు ముక్కే అనిపిస్తుంది. ఇంజను వీపు మీద ఉంటుంది. మేమంతా దాన్ని కొంగ అంటాం. అనుకున్నట్టు ఎగిరితే ఎదురింటివాళ్ళు కారు తలుపు వేసుకున్నంత చప్పుడు మాత్రం కిందికి వస్తుంది.

అయితే అనుకున్నట్టు ఎగరడమే గగనం. వేగం కాస్త అటూ ఇటూ అయినా చప్పుడు మారిపోతుంది. పైన గాలి ఒక వైపు, మధ్యలో ఇంకో వైపు వీస్తే మారిపోతుంది. పొద్దుటి చలిగాలిలో ఒకలా, పదిగంటల వేడిలో ఒకలా దిగుతుంది. అందుకే ముప్ఫై మైళ్ళ పొడుగునా మకాంలు పెట్టారు. ఒక్కో మకాంలో నేల మీద చెక్కపలక, దాని మీద గాలి హోరు ఆపే స్పాంజి టోపీలు పెట్టిన మైకులు, ట్రక్కులో రికార్డరు, ఇద్దరు మనుషులు. ఆ స్పాంజి టోపీలను కాకులు ఎత్తుకుపోయేవి, వైర్లను నక్కలు కొరికేవి. వాటితోనే మాకు సగం రోజు గడిచిపోయేది.

ఇద్దరిలో ఒకరు వినాలి, ఒకరు యంత్రం చూడాలి. వినేవాళ్ళకు రికార్డరు తెర కనపడకూడదు. యంత్రం చూసేవాళ్ళు చప్పుడు వినపడకుండా చెవులకు మఫ్లు పెట్టుకుని, ట్రక్కు అద్దాలు ఎత్తి, వీపు తిప్పి కూర్చోవాలి. ఒకరి మొహం చూసి ఒకరు రాసేస్తారని ఈ కట్టడి. విమానం పోయాక వినేవాళ్ళు కాగితం నింపాలి. విన్నావా లేదా, ఎన్ని గంటలకు, పదికి ఎంత గట్టిగా. కింద రెండోవాళ్ళు సంతకం పెట్టాలి. మా మకాంలో వినేది డెల్‌మర్, యంత్రం నాది.

డెల్‌మర్‌కు అరవై ఆరేళ్ళు. వాళ్ళ నాన్న బోరాన్ గనిలో పనిచేశాడు. డెల్‌మర్ మాత్రం పద్దెనిమిదో ఏటే రన్‌వే పక్కకు వచ్చి ముప్ఫై ఒక్కేళ్ళు విమానాల ఇంజన్లు బాగుచేశాడు. రిటైరై ఏళ్ళతరబడి ఇంట్లో కూర్చున్నవాడు ఈ కొంగ సంగతి విని మళ్ళీ దరఖాస్తు పెట్టాడు. బడి క్యాంటీన్‌లో వంట చేసి రిటైరైన ఆయన భార్య వెర్నా, ఈ వయసులో ఎడారిలో పడి ఉండటమేమిటని వారం రోజులు మాట్లాడటం మానేసిందట. నేనూ ఒకసారి అదే అడిగాను.

"ముప్ఫై ఒక్కేళ్ళు ఈ ఎడారి లోయంతా అదరగొట్టాను మెల్డా. నా ఇంజన్లకు పసిపిల్లలు ఉలిక్కిపడి లేచేవాళ్ళు. పోయేలోపల మెత్తగా పోయే విమానం పనిలో కూడా నా చెయ్యి ఉండాలి" అన్నాడు.

అంత మాట అన్నాక ఇంకేం అడుగుతాం. అప్పటినుంచీ ఆయన్ని ఆ మకాం నుంచి ఎవరైనా కదిలిస్తే నేనే పోట్లాడేదాన్ని.

పనిలో వంక పెట్టడానికి లేదు. ఎడారి తాబేళ్ళు నీడ కోసం చక్రాల కిందికి చేరతాయి కాబట్టి ట్రక్కు తీసే ముందు వంగి చూడాలని రూలు. కుర్రాళ్ళు తల వంచినట్టు నటించి ఎక్కేస్తారు. డెల్‌మర్ మోకాళ్ళ మీద కూర్చుని నాలుగు చక్రాలూ చూసేవాడు. ఒకసారి నిజంగానే ఒక తాబేలు పడుకుని ఉంది. దాన్ని ముట్టుకోవడం నేరం. అది తనంతట తాను లేచి వెళ్ళేదాకా నలభై నిమిషాలు ఎండలో నిలబెట్టాడు నన్ను. నేను తిడుతూనే ఉన్నాను, ఆయన వెర్నా ఇచ్చిన గుడ్డు శాండ్‌విచ్ తింటూ తల ఊపుతూనే ఉన్నాడు.

కాస్త చెవుడు ఉందని నాకు తెలుసు. ఈ లోయలో విమానాల దగ్గర పనిచేసిన ముసలాళ్ళకు ఎవరికి లేదు? అందరం గట్టిగానే మాట్లాడుకుంటాం. పైగా ఆయన ఏటా చెవుల పరీక్ష పాసవుతున్నాడు. పిలిస్తే పలకకపోతే మొండితనం అనుకునేదాన్ని. ఆయన కాగితాలు చూస్తే ముచ్చటేసేది. గుండ్రటి అక్షరాలు. ప్రతిసారీ విన్నానని, సరిగ్గా నిమిషంతో సహా టైము, గట్టితనం రెండో మూడో. పక్క మకాంలలో కుర్రాళ్ళు తెల్లమొహం వేసి వినలేదని రాసినప్పుడు కూడా మా కాగితం ఖాళీగా పోయేది కాదు. పదిహేడులో చెవులంటే చెవులు అని మా పెద్ద కీత్ సోరెన్‌సెన్ మీటింగులో పొగిడాడు. నేనేదో నా చెవులను పొగిడినట్టు పొంగిపోయాను.

మార్చి నెల మంగళవారం ఒకటి వచ్చింది. ఆ రోజు కొంగ మా మీదుగా పోవలసిన టైము తొమ్మిదీ నలభై రెండు. మా మకాం గుట్ట వెనకాల ఉండటంతో అక్కడ రేడియోలో గరగర తప్ప ఏమీ రాదు. అందుకని పొద్దున్నే టైములు రాసుకుని వెళ్ళిపోతాం. నేను మఫ్లు పెట్టుకుని, వీపు తిప్పి, తెర ముందు కూర్చున్నాను. నలభై రెండు అయింది. గీత కదల్లేదు. నలభై అయిదు అయింది. గీసిన గీత గీసినట్టే ఉంది. యాభై దాటాక దిగి వెళ్ళాను. డెల్‌మర్ కాగితం మడిచి జేబులో పెట్టుకుంటున్నాడు.

వచ్చిందా అని అడిగాను. వచ్చింది, మెత్తగా వచ్చింది, రెండు వేశానని చెప్పాడు.

మనిషి విన్నాడు, యంత్రం వినలేదు అంటే తప్పు యంత్రానిదే కదా. యంత్రం నాది. ఇంకేముంది, మూడు గంటలపాటు ఆ ఎండలో ఇద్దరం పలకలు లేపి, మైకులు విప్పి, వైర్లు చివరినుంచి చివరిదాకా చేత్తో తడుముతూ వెతికాం. డెల్‌మర్ నాతోపాటు బోర్లా పడుకుని వెతికాడు, పాపం. ఎక్కడా తెగలేదు. మైకు దగ్గర చప్పట్లు కొడితే గీత గంతులు వేస్తోంది. ఏమీ తోచక, తొమ్మిదీ నలభై రెండు, విన్నాడు అని ఉన్న కాగితం కింద ఎప్పటిలాగే సంతకం పెట్టేశాను. దారిలో గుట్ట ఎక్కి, పదిహేడులో రికార్డరు పాడైంది, మనిషి మాత్రం విన్నాడని రేడియోలో చెప్పాను.

అవతలినుంచి సోరెన్‌సెన్ గొంతు వచ్చింది. ఇద్దరూ నేరుగా ఆఫీసుకు రమ్మన్నాడు.

గదిలో సోరెన్‌సెన్ ఉన్నాడు, పక్కన పైలట్ లైల్ వాండర్ ఉన్నాడు. లైల్ ఇంకా ఎగిరే దుస్తుల్లోనే ఉన్నాడు, జుట్టు చెమటకు నుదుటికి అతుక్కుపోయి ఉంది. పొద్దున ఏం జరిగిందో మళ్ళీ చెప్పమన్నాడు సోరెన్‌సెన్. లైల్ మొహమాటపడుతూనే చెప్పాడు.

ఆ కొంగకు ముందు కిటికీ లేదు. అంత పొడుగు ముక్కు వెనక కూర్చుంటే కిటికీ పెట్టినా ఏమీ కనపడదు. ముందు ఏముందో కెమెరా పట్టి తెర మీద చూపిస్తుంది. పైలట్ ఆ తెరను నమ్మి ఎగరాలి, నమ్మి దిగాలి. మంగళవారం పొద్దున లైల్ వేగం పెంచుతూ ఉండగా తెర మీద బొమ్మ ఆగిపోయింది. ఆగిపోయినట్టు అతనికి వెంటనే తెలియలేదు. ఆకాశం ఆకాశంలానే ఉంది, నేల అంచు అంచులానే ఉంది. విమానాన్ని కాస్త వంచితే కదలవలసిన అంచు కదల్లేదు. అప్పుడు ఒళ్ళు చల్లబడిందట. వెంటనే వేగం తగ్గించేశాడు. వెనక తోడు వచ్చే విమానం పక్కకు చేరి, ఎడమకు, ఇంకాస్త, ఇప్పుడు దించు, అని మాట మాటకూ చెబుతూ నేల మీదికి తీసుకువచ్చింది.

"తెర నల్లబడిపోయుంటే నాకింత భయం వేసేది కాదు" అన్నాడు లైల్. "ఏమీ కనపడట్లేదని తెలిస్తే మనిషి జాగ్రత్తపడతాడు. పాత బొమ్మ పట్టుకుని అంతా బాగానే ఉందన్నట్టు చూపించింది చూశారా, అదే చంపేసేది."

లైల్ ఆ మాట డెల్‌మర్‌ను అనలేదు. డెల్‌మర్ కాగితం సంగతి అతనికి ఇంకా తెలియదు కూడా. కానీ డెల్‌మర్ అతని మొహం మీదినుంచి కళ్ళు తిప్పలేదు. నాకైతే నెమ్మదిగా బుర్ర వెలిగింది. కొంగ ఆ పొద్దున ధ్వనిని దాటనే లేదు. మా మకాందాకా రానే లేదు. ముప్ఫై మైళ్ళలో ఎక్కడా ఏ చప్పుడూ పుట్టలేదు. నా యంత్రం చెప్పిందే నిజం.

సోరెన్‌సెన్ మంచివాడు. ముసలాయన పరువు తీయడం ఇష్టం లేక దారి తనే చూపించాడు. ఆ టైముకు తూర్పు వైపు యుద్ధవిమానాలు ఎగిరాయి, వాటిలో ఒకదాని చప్పుడు దూరం నుంచి వచ్చి ఉంటుంది, అది విని పొరబడి ఉంటావు, అంతే కదా డెల్‌మర్, అన్నాడు. అవునని తల ఊపితే చాలు. ఒక్క కాగితం పక్కన పెట్టేస్తారు, మిగతా అన్నీ చెల్లుతాయి, ఆయన మకాం ఆయనకు ఉంటుంది. ఊపు, ఊపరా దేవుడా అని లోపల మొక్కుకున్నాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆయన కోసం కొంత, కింద నా సంతకం ఉందని కొంత.

డెల్‌మర్ కుర్చీ సోరెన్‌సెన్ వైపు తిప్పుకుని, ఆ మాట మళ్ళీ అనమన్నాడు. సోరెన్‌సెన్ మళ్ళీ అన్నాడు.

"కాదు" అన్నాడు డెల్‌మర్. "నేనేమీ వినలేదు. ఇవాళే కాదు, ఏ రోజూ వినలేదు. టైము నాకు తెలుసు, గాలి ఎటుందో తెలుసు, ఎంత గట్టిగా రావాలో తెలుసు. గడియారం చూసి రాశాను. మొదటిసారి వినపడలేదని రాద్దామనుకున్నాను. అలా రాస్తే చెవులు చూపిస్తారని భయపడ్డాను."

మరి పరీక్ష ఎలా పాసయ్యావని సోరెన్‌సెన్ అడిగాడు. డెల్‌మర్ అదీ చెప్పాడు. పరీక్ష గది అద్దంలోంచి బయట చప్పుళ్ళు వదిలే మీటలు నొక్కే అమ్మాయి భుజం కనపడుతుందట. భుజం కదిలినప్పుడల్లా ఆయన వినపడినట్టు బొత్తాం నొక్కేవాడట. ఇంకో సమయంలో అయితే పొట్ట చెక్కలయ్యేలా నవ్వేదాన్ని.

"ఈ చలికాలపు కాగితాలు పదకొండూనా?" అన్నాడు సోరెన్‌సెన్.

"అంతకుముందువి కూడా. అన్నీ తీసేయ్ కీత్. నేను రాసింది ఒక్కటి కూడా ఉంచకు" అన్నాడు డెల్‌మర్.

తిరిగి వెళ్ళేటప్పుడు ట్రక్కు నేనే నడిపాను. నోటికి వచ్చినట్టు తిట్టాను. రెండేళ్ళ పని బూడిదలో పోశావన్నాను, నా సంతకం నాలిక గీసుకోవడానికి కూడా పనికి రాకుండా చేశావన్నాను. ఆయన ముందుకు చూస్తూ కూర్చున్నాడు. ఉక్రోషంతో బండి పక్కకు ఆపి భుజం పట్టి కుదిపాను. అప్పుడు నా వైపు తిరిగి, తన ఎడమ చెవి పూర్తిగా పోయి తొమ్మిదేళ్ళయిందని, కుడిది కూడా ఎదురుగా మాట్లాడితేనే కొంచెం అందుతుందని చెప్పాడు. బండి నడిపేది ఎప్పుడూ నేనే. అంటే నా వైపు ఉండేది ఎప్పుడూ ఆ చచ్చిపోయిన చెవే. నా మొగుడు రమీరో ఇల్లు వదిలి పోయినప్పుడు ఆర్నెల్లు ఈ ట్రక్కులోనే ఏడుస్తూ అన్నీ చెప్పుకున్నాను. మా చెల్లెలికి కూడా చెప్పనివి చెప్పాను.

"అయితే అవేవీ నువ్వు వినలేదా?" అన్నాను.

"మాటలు వినలేదు" అన్నాడు. "నీ మొహం చూస్తే తెలిసేది మెల్డా. అందుకే వెర్నాకు చెప్పి నీకు కూడా ఒక శాండ్‌విచ్ కట్టించేవాణ్ణి."

నాకు కోపం ఎటు పోయిందో తెలియదు. స్టీరింగు మీద తల పెట్టుకుని ఏడ్చేశాను. సంతకం పెట్టే ముందు ఏనాడూ ఆయన్ని సరిగా ఒక్క ప్రశ్న అడగలేదు నేను. యంత్రం కళ్ళ ముందు నిజం చెబుతుంటే, మన మనిషి అబద్ధం ఆడడని యంత్రాన్నే విప్పి పారేశాను. ఆ తప్పు నాదే.

పదిహేడో మకాం కాగితాలన్నీ తీసేశారు. పై ఆఫీసు నుంచి ఇద్దరికీ తలంటు పడింది. కొంగను అదనంగా కొన్నిసార్లు ఎగరేయవలసి వచ్చింది. డెల్‌మర్‌ను ఇంటికి పంపేస్తారనే అనుకున్నాం. సోరెన్‌సెన్ రెండు వారాలు ఆలోచించి ఆయన్ని యంత్రం వైపు వేశాడు. తెర చూసేవాళ్ళకు చెవులతో ఎలాగూ పని లేదు, ఆ ఉద్యోగానికి ఇంతకంటే తగినవాడు దొరకడని అన్నాడు. వినే పని నాకు ఇచ్చారు. నా చెవులను మాత్రం ఈసారి అద్దం లేని గదిలో కూర్చోబెట్టి గంటసేపు పరీక్షించారు. చిన్నపిల్లల చెవుల్లా ఉన్నాయన్నారు.

వెర్నా ఆయనకు చెవి యంత్రాలు కొనిపించింది. ఎడారికి వచ్చాక గాలి హోరు పెడుతోందని తీసి జేబులో వేసుకునేవాడు. తనకు వినపడదని అందరికీ తెలిశాక మనిషి కాస్త ముడుచుకుపోయాడు. మకాంలో ఉండనిచ్చారు, నిజమే. కానీ కొంగ నిజంగా మెత్తగా పోతోందో లేదో తను ఎప్పటికీ చెప్పలేడు. ఆ దిగులు ఆయన వంగి చక్రాలు చూసేటప్పుడు కూడా కనపడేది నాకు.

ఏప్రిల్ చివర్లో, నేను వినడానికి కూర్చున్న మొదటిరోజు, టైము పదీ పదహారు. కొంగలో తెర బాగుచేశారు, లైల్ ఎగురుతున్నాడు. డెల్‌మర్ ట్రక్కులో వీపు తిప్పి కూర్చున్నాడు. నేను మడతకుర్చీలో ఒళ్ళంతా చెవులు చేసుకుని కూర్చున్నాను. గాలి లేదు. ఎక్కడో పిట్ట ఒకటి రెండుసార్లు కూసింది. పదహారు అయింది. పదిహేడు అయింది. ఇరవై అయింది. నాకు చెమటలు పట్టాయి. ఇంత గొప్ప చెవులని రాసిచ్చారే, ఇప్పుడు వినలేదంటే ఏమనుకుంటారు? నిద్రపోయిందంటారు. డెల్‌మర్‌ను తీసి ఈమెను వేసి ఏం బావుకున్నామంటారు. పెన్ను పట్టుకున్నాను. చెబితే నమ్మరు, నా చెయ్యి తనంతట తాను పదీ పదహారు అని రాయబోయింది. ఒకటి అంకె వేసేసింది కూడా. ఇంత తేలికా ఇది అనిపించింది. ఆ అంకె కొట్టేసి, వినపడలేదు అన్న గడిలో గుర్తు పెట్టి, ట్రక్కు దగ్గరకు వెళ్ళాను.

డెల్‌మర్ కాగితం తీసుకుని చదివాడు. మళ్ళీ చదివాడు. తర్వాత తెర నా వైపు తిప్పాడు. పదీ పదహారు దగ్గర గీత చిన్నగా లేచి పడింది. కొంగ వచ్చింది. ధ్వనిని దాటి, సరిగ్గా నా నెత్తి మీదుగా, అంత మెత్తగా పోయింది.

ఆయన నా మొహంలోకి చూస్తూ, నిజంగా వినపడలేదా అని అడిగాడు. చెవి యంత్రాలు జేబులోనే ఉన్నాయి.

"వినపడలేదు డెల్‌మర్" అన్నాను. ఆయన చెయ్యి కుడి చెవి వెనక పెట్టుకుని నా దగ్గరకు వంగాడు. ఆ ఎడారిలో ఉన్న కాకులన్నీ లేచిపోయేలా గొంతు చించుకుని అరిచాను.

"ఏమీ వినపడలేదు!"